సైన్యానికీ మానవ భద్రతకీ ఏం సంబంధం? కృష్ణా తీరం నుంచి నా జవాబు

"సరిహద్దు కాయడం సైన్యం పని, తిండీ ఇల్లూ చూడటం సంక్షేమ శాఖల పని. మధ్యలో ఈ మానవ భద్రత ఎక్కడిది? రక్షణ విధానంలో దానికి చోటెందుకు?" అని అడిగారు. గ్రూప్స్‌కి చదువుతున్నానన్నారు కాబట్టి పుస్తకాల్లో ఉండేది ముందు చెప్పేస్తాను.

1994లో యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం) తెచ్చిన మానవాభివృద్ధి నివేదికతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. దాని వెనక ఉన్నది పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్. దేశం క్షేమంగా ఉంటే చాలదు, అందులో మనిషి క్షేమంగా ఉన్నాడా అన్నది చూడాలన్నారు. ఆదాయం, ఆహారం, ఆరోగ్యం, పర్యావరణం, వ్యక్తి ప్రాణరక్షణ, సామాజిక వర్గాల రక్షణ, రాజకీయ హక్కులు... మొత్తం ఏడు. 2003లో జపాన్ దౌత్యవేత్త సడాకో ఒగాటా, ఆర్థికవేత్త అమర్త్య సేన్ సహాధ్యక్షులుగా ఉన్న మానవ భద్రతా కమిషన్ దీన్నే ఇంకా విడమర్చింది. నిర్వచనానికి ఇంత చాలు.

ఇక నాకు తెలిసిన సంగతి. నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం కృష్ణా జిల్లా తీర మండలాల్లోనే గడిచింది.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. అధికారిక లెక్క ప్రకారమే పోయినవాళ్లు సుమారు 10 వేలు. 1971 యుద్ధంలో దేశం కోల్పోయిన సైనికుల కంటే ఇది ఎక్కువ. సరిహద్దు మాత్రం అంగుళం కదల్లేదు. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం 1990 మేలో దొరుకుతుంది. అంతే బలమైన తుఫాను, దాదాపు అదే తీరం. ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యిలోపే. ఉపగ్రహ చిత్రాలతో హెచ్చరిక ముందే అందింది, 6 లక్షల మందికి పైగా జనాన్ని లోపలికి తరలించారు. కాగితం మీద ఇది ఒక్క వాక్యం. చేసేవాళ్లకి తెలుస్తుంది. టముకు వేయించాం, మైకులో చెప్పాం, లారీలు తెచ్చి నిలబెట్టాం. ఒక పెద్దావిడ మాత్రం గడప దిగనంది. పాకలో సూడి గేదె ఉంది. "నేను లారీ ఎక్కుతా బాబూ, దీన్ని నువ్వు ఎక్కిస్తావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. చివరికి గేదెను కరకట్ట మీదికి తోలి, పలుపు విప్పేశాకే కదిలింది. కట్టేసి ఉన్న గొడ్డు నీళ్లొస్తే అక్కడే పోతుంది, విప్పితే ఈదుకుంటుంది. ఆవిడకున్న ఆస్తంతా ఆ గేదే. మగవాళ్లు పడవల దగ్గర, వలల దగ్గర ఆగిపోవడం కూడా ఇందుకే. ఊళ్లో వాళ్లది మొండితనం అని మా పై అధికారులు విసుక్కునేవారు. అప్పు చేసి కొన్న వలని వదిలి రావడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసుంటే ఆ మాట అనేవారు కాదు. ఆ ఏడింట్లో ‘ఆదాయం’ మొదట ఎందుకుందో నాకు అక్కడ అర్థమైంది.

షెల్టర్ల సంగతీ అంతే. భవనం గట్టిదే. ఒక ఊళ్లో దాన్ని ఎరువుల గోడౌన్ చేశారు, తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడానికే పొద్దు గూకింది. మరుగుదొడ్లు సరిగా లేని చోట ఆడపిల్లలున్న తల్లులు రావడానికి వెనకాడేవారు. హెచ్చరిక ఎంత కచ్చితంగా ఉన్నా ఇలాంటి వాటి దగ్గర చతికిలబడుతుంది.

రక్షణ వైపు నుంచి చూడాలంటే 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుఫాను తీసుకోండి. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఉన్న విశాఖనే అది కొట్టింది. నౌకాదళం వాళ్ల విమానాశ్రయం ఐఎన్‌ఎస్ డేగా కూడా దెబ్బతింది. గాజువాకలో మా బంధువులు పాలప్యాకెట్‌కి రెట్టింపుకి పైగా పెట్టారు, నీళ్ల కోసం బిందెలతో క్యూ కట్టారు. రేవులో యుద్ధనౌకలున్నా ఊరికి కరెంటు లేదు. నౌకాదళం వాళ్లు రోడ్ల మీద పడ్డ చెట్లు తొలగించారు, సాయం అందించారు, కాదనను. కానీ సైన్యం వచ్చిందంటే ముందు చేయాల్సినవాళ్ల శక్తి చాలలేదనే అర్థం.

అందుకే అన్నింటికీ ‘భద్రత’ అని పేరు పెట్టి యూనిఫాం వాళ్లకి అప్పగించే ధోరణి నాకు నచ్చదు. బియ్యం, మందులు, కరకట్ట మరమ్మతు, మడ అడవుల సంరక్షణ... ఇవి ఏడాది పొడుగునా సాగే పనులు. వీటికి పంచాయతీ, కలెక్టరేటు కావాలి. సాయుధ దళాల వంతు ఆఖర్న, అదీ పడవలు, హెలికాప్టర్లు తప్ప దారి లేనప్పుడు. పెద్ద దేశాలు ఈ మాటను అడ్డం పెట్టుకుని చిన్న దేశాల్లో జోక్యం చేసుకుంటాయన్న అనుమానమూ మొదటినుంచీ ఉంది. 2012లో ఐరాస సాధారణ సభ తీర్మానంలో, మానవ భద్రత పేరుతో బలప్రయోగం గానీ బెదిరింపు గానీ ఉండకూడదని రాసుకున్నది అందుకే. జవాబులో ఈ పాయింటు తప్పక రాయండి.

ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) గురించి రాసేటట్టయితే ఒక జాగ్రత్త. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద 2006లో ఏర్పడిన ఆ దళంలో సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లుంటారు. అది రక్షణ శాఖ కింద లేదు, హోం శాఖ కింద ఉంది. చాలామంది ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.