ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అయినా పైసలు పోయాయి

"సైబర్ దాడులు రోజుకో రూపం మారుస్తున్నాయి. ఇప్పుడు కొత్తగా వస్తున్న ముప్పులేమిటి, కాపాడేవాళ్లు ఎలా సిద్ధం కావాలి?" అని అడిగారు.

ఇలాంటి ప్రశ్న రాగానే చాలామంది క్వాంటం కంప్యూటర్ల నుంచి మొదలుపెడతారు. నేను హనుమకొండలో పద్నాలుగేళ్లుగా ఫోన్లు రిపేర్ చేస్తున్నాను. నా కౌంటర్ మీదికి వచ్చిన ముప్పు గురించే చెబుతాను. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద ముప్పు అదే.

మొన్నటి మిర్చి సీజన్, ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం. సాయంత్రం ఆరు దాటింది. పరకాల వైపు ఊరి నుంచి ఒక పెద్దాయన, భార్యతో కలిసి వచ్చాడు. యాభై ఐదేళ్లుంటాయి. రెండు రోజుల కింద ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మాడు. ఫోన్ కౌంటర్ మీద పెట్టి, "ఊకె గరమైతుంది బిడ్డా, చార్జింగ్ నిలుస్తలేదు, బ్యాటరీ వోయిందేమో జర చూడు" అన్నాడు.

కవర్ తీస్తే వెనక మడతపెట్టిన తక్‌పట్టీ, అంటే మార్కెట్లో సరుకు అమ్మినప్పుడు ఇచ్చే చీటీ, ఉంది. దాన్ని పక్కన పెట్టి ఫోన్ పట్టుకున్నాను. నిజంగానే కాలుతోంది. బ్యాటరీ ఉబ్బలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏ యాప్ ఎంత చార్జింగ్ తింటోందో చూశాను. అన్నిటికంటే పైన ఉన్న యాప్‌కు పేరు లేదు, బొమ్మ లేదు. స్క్రీన్ మీద ఎంత వెతికినా కనబడదు. మెసేజులు చూసే యాప్ స్థానంలో అదే కూర్చుంది. డౌన్‌లోడ్స్‌లో చూస్తే "పెళ్లి పత్రిక" అనే ఫైలు. చివర ఏపీకే అని ఉంది.

ఫొటో అయితే చివర జేపీజీ ఉంటుంది, కార్డు అయితే పీడీఎఫ్ ఉంటుంది. ఏపీకే అంటే అది కార్డు కాదు, ఒక యాప్. నొక్కితే ఫోన్‌లో దిగి కూర్చుంటుంది.

"పెద్దనాయనా, ఈ పెళ్లి కార్డు ఎవరు పంపిండ్రు?"

"మా బామ్మర్ది కొడుకు. వాట్సాప్‌ల పంపిండు. ఎంత నొక్కినా తెరుచుకోలె."

"ఏటీఎం కార్డు నంబరు ఏమన్నా అడిగిందా?"

ఆయన జవాబు చెప్పలేదు. షట్టర్ దగ్గర స్టూలు మీద కూర్చున్న భార్య వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు. నాకు విషయం అర్థమైంది. పక్కనే ఏటీఎం ఉంటే, బ్యాలెన్స్ చూసి రమ్మని పంపాను. చీటీ పట్టుకొని వచ్చాడు. మిర్చి పైసలు, పాతవి కలిపి 2,14,000 ఉండాల్సిన ఖాతాలో 76 వేలే ఉన్నాయి. చీటీ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. "ఒక్క మెసేజ్ సుత రాలె బిడ్డా" అన్నాడు. వచ్చాయి. ఆ యాప్ వాటిని చదివి, దొంగలకు పంపి, ఈయన కంటబడకుండా చెరిపేసింది.

ఈ తీరే కొత్తది. ఏళ్ల తరబడి బ్యాంకులు, టీవీలు, ఆ తర్వాత ఫోన్ చేస్తే వినిపించిన కాలర్ ట్యూన్ అన్నీ ఒకటే పాట పాడాయి: ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఈ పెద్దాయన ఎవరికీ చెప్పలేదు. ఆయన ఫోనే చెప్పేసింది. తెలియని నంబరు నుంచి వస్తే నమ్మొద్దన్నారు. ఇది తెలియని నంబరు నుంచి రాలేదు, సొంత బామ్మర్ది కొడుకు నంబరు నుంచి వచ్చింది. ఆ పిల్లాడు కూడా మోసపోయినవాడే. వాడి ఫోన్‌లోనూ ఇదే యాప్ ఉండబట్టి, వాట్సాప్ కోడ్ మెసేజ్‌లో వస్తే దొంగలు దాన్ని చదివి, వాడి వాట్సాప్‌ను తమ ఫోన్‌లో తెరుచుకున్నారు. కుటుంబం గ్రూపు, కులసంఘం గ్రూపు, క్రికెట్ గ్రూపు, అన్నింట్లోకీ పెళ్లి కార్డు వెళ్లింది. పెళ్లిళ్ల సీజన్లో పెళ్లి కార్డు, బండ్లున్నవాళ్లకు ఆర్టీవో చలానా, రైతులకు పీఎం కిసాన్ లిస్టు. ఎవరికి ఏది పంపితే నొక్కుతారో వాళ్లకు బాగా తెలుసు.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. భార్య మంచినీళ్లకని బయటికి వెళ్లినప్పుడు ఆయన మెల్లగా చెప్పాడు. కార్డు తెరుచుకోకపోగా బ్యాంకు బొమ్మతో ఒక పేజీ వచ్చిందట, కేవైసీ అప్‌డేట్ చేయమందట, ఏటీఎం కార్డు నంబరూ పిన్నూ కొట్టాడట. అది పొద్దున పదకొండు గంటలకు. పన్నెండున్నరకే అనుమానం వచ్చింది. కానీ ఎవరికీ చెప్పలేదు. కిందటేడు లాటరీ మెసేజ్ నమ్మి రెండు వేలు పోగొట్టుకున్నప్పుడు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు దసరాకు వచ్చి చుట్టాలందరి ముందూ "నీకెందుకు బాపు ఈ ఫోన్" అన్నాడట. ఆ మాట గుర్తొచ్చి నోరు మెదపలేదు. సాయంత్రం దాకా మనసులో పెట్టుకొని, చివరికి బ్యాటరీ పోయిందన్న సాకుతో నా దగ్గరికి వచ్చాడు.

కార్డు మీద డబ్బు మూడు దఫాలుగా పోయింది. రెండుసార్లు 49,999 చొప్పున, ఆ తర్వాత 38 వేల చిల్లర. మొదటి రెండూ మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే పోయాయి. పన్నెండున్నరకు నోరు తెరిచి ఉంటే కార్డు బ్లాకయ్యేది, ఒక్క రూపాయి కూడా పోయేది కాదు.

నేనేం చేశానో వరసగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు ఫోన్‌ను ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆఫ్‌లోనే ఉందా అని చూసి, సిమ్ తీసేశాను. ఆ సిమ్‌ను నా దగ్గరున్న కీప్యాడ్ ఫోన్‌లో వేశాను. బ్యాంకు మెసేజులు, కంప్లయింట్ నంబరు అన్నీ దాంట్లోకి వస్తాయి, ఆ చిన్న ఫోన్‌లో ఈ యాప్ ఆటలు సాగవు. తర్వాత ##002# కొట్టాను. ఈ దొంగలు కాల్స్‌ను కూడా తమ నంబరుకు మళ్లిస్తుంటారు, ఆ మళ్లింపు ఫోన్‌లో కాదు, నెట్‌వర్క్‌లో ఉంటుంది, ఫోన్ మార్చినా పోదు. చాలా నెట్‌వర్క్‌లలో ఈ కోడ్‌తో రద్దవుతుంది. ఆ తర్వాత ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరుకు చేసి కార్డు బ్లాక్ చేయించాం, మూడు లావాదేవీల రిఫరెన్స్ నంబర్లు అడిగి తక్‌పట్టీ వెనకే రాసుకున్నాం. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో మాత్రం వెతకొద్దు, అక్కడ కూడా దొంగలు తమ నంబర్లు పెట్టి కూర్చున్నారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాం. లైను దొరకడానికి కాస్త టైం పట్టింది. ఖాతా నంబరు, బ్యాంకు పేరు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, రిఫరెన్స్ నంబర్లు అడిగారు. యూపీఐలో పోతే 12 అంకెల నంబరు ఉంటుంది, అది అడుగుతారు. ఇవి చేతిలో ఉంటే పని తొందరగా అవుతుంది.

76 వేలు దక్కాయి. మూడోసారి పోయిన 38 వేలు మధ్యలో ఒకచోట హోల్డ్ అయ్యాయి, కొన్ని నెలల తర్వాత లోక్ అదాలత్ ఆర్డరుతో ఖాతాలో పడ్డాయి. మొదటి రెండు దఫాలవి అప్పటికే ఖాతాల మీద ఖాతాలు దాటిపోయాయి. అవి రాలేదు.

అందుకే అంటున్నాను. కొత్త ముప్పు యాప్ కాదు, ఏఐ కాదు. పైసలు పోయినవాడు సిగ్గుతో నోరు మూసుకునే ఆ మొదటి గంట. ఆ గంట మీదే ఈ దొంగల వ్యాపారమంతా నడుస్తోంది. ఇంట్లో "నీకు బుద్ధి లేదా" అన్న ప్రతి మాటా దొంగకు ఇంకో పది నిమిషాలు సంపాదించి పెడుతుంది. నా దగ్గరికి ఇలా వచ్చినవాళ్లలో సగానికి పైగా ముందు ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లే.

చట్టంలో కూడా ఈ గంటకు విలువుంది. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మనదీ కాక బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లకు బాధ్యత సున్నా. మన పొరపాటు వల్లే పోయినా సరే, బ్యాంకుకు చెప్పిన నిమిషం తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు మీదే. అందుకే కంప్లయింట్ నంబరూ టైమూ రాసుకోండి. ఈ సంగతి ఏ బ్రాంచి గోడ మీదా నేను చూడలేదు. వడ్డీ రేట్ల బోర్డులు, బీమా పోస్టర్లు మాత్రం నిండుగా ఉంటాయి. పెద్దాయన సోమవారం బ్రాంచికి వెళితే "కార్డు నంబరు మీరే కొట్టారు కదా" అని గంటన్నర నిలబెట్టారు. ఆ మాట ఆయనకు డబ్బు పోయినదాని కంటే ఎక్కువ తగిలింది.

డిజిటల్ అరెస్టు, అంటే పోలీసులమని వీడియో కాల్ చేసి, నిన్ను అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజడం, కూడా ఇదే సిగ్గు మీద, భయం మీద నడిచే మోసం. మన చట్టాల్లో అలాంటి అరెస్టే లేదు, 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఆ మాటే చెప్పారు. అయినా చదువుకున్నవాళ్లు, రిటైరైన సార్లు తలుపులేసుకొని వీడియో కాల్ ముందు కూర్చుంటున్నారు. "ఎవరికీ చెప్పొద్దు" అన్నది ఆ కాల్‌లో మొదటి షరతు. ఎవరైనా అలా అన్నారంటే, వెంటనే పక్కింటివాళ్లకైనా చెప్పేయాలి. గొంతు మార్చి పిల్లల్లా మాట్లాడే ఏఐ కాల్స్‌కు మా ఇంట్లో ఒక ప్రశ్న పెట్టుకున్నాం: అమ్మమ్మ వాళ్ల బర్రె పేరేమిటి? మా పిల్లలకు తెలుసు, ఏ కంప్యూటర్‌కూ తెలియదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఇలాంటి మోసం కాల్స్‌లో అవతల తెలుగు మాట్లాడేవాడు ఎక్కడివాడు? మన ఉత్తర తెలంగాణ పిల్లలే కొందరు. గల్ఫ్‌కు పోయినట్టే, డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్ చెబితే నమ్మి కంబోడియా, మయన్మార్ వెళ్లి, పాస్‌పోర్టు లాక్కుంటే అక్కడ ఇరుక్కుపోయి ఈ కాల్స్ చేస్తున్నారు. 2025 మార్చిలో మయన్మార్‌లో చిక్కుకున్న 500 మందికి పైగా భారతీయులను వైమానిక దళ విమానాల్లో తీసుకొచ్చారు, వాళ్లలో తెలంగాణవాళ్లూ ఉన్నారు. ఇక్కడేమో కొందరు కాలేజీ పిల్లలు నాలుగైదు వేల కమీషన్‌కు తమ బ్యాంకు ఖాతా, సిమ్ ఇచ్చేస్తున్నారు. పోయిన డబ్బు ముందు పడేది ఆ ఖాతాల్లోనే, పోలీసులు ముందు తలుపు తట్టేదీ ఆ ఇంటికే. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఒక్కసారి చూడండి.

వరంగల్ చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలు, వాటిలో సైబర్ సెక్యూరిటీ బ్రాంచీలు వచ్చాయి. ఆ పిల్లలను మిర్చి సీజన్లో వారం పాటు ఎనుమాముల యార్డులో ఒక బల్ల వేసి కూర్చోబెట్టాలని నా కోరిక. తక్‌పట్టీ పట్టుకొని వచ్చే ప్రతి రైతు ఫోన్‌లో, తెలియని యాప్‌లు దిగకుండా ఉండే సెట్టింగ్ పెట్టి, వాట్సాప్‌కు రెండో పిన్ పెట్టి, 1930 నంబరు సేవ్ చేసి పంపితే చాలు. మనిషికి ఐదు నిమిషాల పని. ఒక కాలేజీ సారును అడిగితే సిలబస్‌లో లేదన్నారు.

ఆ పెద్దాయన కొడుకు వారం తర్వాత షాపుకు వచ్చాడు. నాన్నకు కొత్త ఫోన్ కావాలన్నాడు. ఫోన్ తర్వాత చూద్దాం తమ్ముడూ అని, పన్నెండున్నర సంగతి చెప్పాను. దసరా నాడు తను అన్న మాట అతనికి గుర్తు కూడా లేదు. చాలాసేపు కౌంటర్ మీద చెయ్యి పెట్టుకొని అలాగే నిలబడ్డాడు.

కిందటి నెలలో పెద్దాయన మళ్లీ వచ్చాడు, ఈసారి వాళ్ల ఊరి ఇంకొకాయన్ని వెంటబెట్టుకొని. ఫోన్ ఆఫ్ చేసి ఉంది. సిమ్ చొక్కా జేబులో, కాగితంలో చుట్టి ఉంది.

"చలానా అని వచ్చిందట, నొక్కిండు. ఎంటనే వచ్చి నాకు చెప్పిండు. ఊర్లెనే నా ఫోన్‌తోని 1930కి కొట్టినం, కార్డు బ్లాక్ చేయించినం. పైసలు పోలె. ఇగ లోపల ఏమున్నదో నువ్వు చూడు బిడ్డా."