ఇద్దరు పెట్రోసియన్‌ల ఆటలను వేరు చేయడం

1984లో మరణించిన ప్రపంచ చదరంగ విజేత టిగ్రాన్ పెట్రోసియన్ పేరిట మీ డేటాబేసులో 2008 నాటి ఆటలు కనబడుతున్నాయని రాశారు. తేదీలు సరైనవే; కలిసిపోయినవి ఇద్దరి పేర్లు. 1963లో అప్పటి విజేత బోత్వినిక్‌ను ఓడించి 1969 వరకు కిరీటం నిలుపుకున్నవారు టిగ్రాన్ వార్తనోవిచ్. ఆయన 1984 ఆగస్టులో కన్నుమూయగా, మరుసటి నెలలోనే యెరెవాన్‌లో పుట్టి ఆయన పేరే పెట్టించుకున్న టిగ్రాన్ లెవోనోవిచ్ కూడా గ్రాండ్‌మాస్టర్ అయి, 2008, 2012 చదరంగ ఒలింపియాడ్లలో స్వర్ణం గెలిచిన ఆర్మేనియా జట్టులో ఆడారు. ఇద్దరికీ బంధుత్వం లేదు.

తండ్రి పేరు నుంచి వచ్చిన ఆ నడిమి పేరే మీకు ఆధారం: ఇంటిపేరు పక్కన ‘వి’ ఉంటే విజేత, ‘ఎల్’ ఉంటే చిన్నవారు. అక్షరమే లేని ఆటలను 1984 దగ్గర తేదీతో విడగొట్టి, ఆటగాడి పేరును ఒక్కసారే సరిదిద్దండి. అంతకుముందు తీసిన ఓపెనింగ్ (ఆట తొలి ఎత్తుల) గణాంకాలను మాత్రం నమ్మవద్దు.

తేదీ ఇంత చక్కగా అక్కరకు రావడం మీ అదృష్టమనే చెప్పాలి. 1924 న్యూయార్క్ టోర్నమెంటులో ఇమాన్యుయెల్ లాస్కర్, ఎడ్వర్డ్ లాస్కర్ ఇద్దరూ ఆడారు. ఆంగ్లంలో ఇద్దరి పొడి అక్షరమూ ‘ఇ’యే కావడంతో అక్కడ పూర్తి పేరు చూడక తప్పదు.