శ్లోకం కొట్టెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

కథ అందింది. భాష బాగుంది. ఆఖరి పేరా చదివాక మాత్రం ఒళ్ళు మండి, మధ్యాహ్నం కునుకు మానుకుని ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

నీ నాయిక నల్లటిది, ఎత్తుపళ్ళది, కాబట్టి మంచిది. తోడికోడలు పచ్చగా ఉంటుంది, కాబట్టి గయ్యాళి. చివర భర్తృహరి నీతిశతకంలోంచి ‘శ్రోత్రం శ్రుతేనైవ’ దింపి, అసలు అందం మనసుదేనని మొగుడి చేత ఉపన్యాసం ఇప్పించావు. ఆ శ్లోకాన్ని నిదానంగా చదివావా? చెవికి అందం కుండలం కాదు, విన్న శాస్త్రం. చేతికి కంకణం కాదు, దానం. దయగలవాళ్ళ ఒంటికి గంధం కాదు, పరోపకారం. మనసు ఊసే లేదక్కడ! గుణాన్ని తెచ్చి చెవికీ చేతికీ తొడిగాడాయన, నలుగురికీ కనబడేట్టు. నువ్వేమో లోపలెక్కడో దాచి, ఉందని నన్ను నమ్మమంటావు.

మంచివాళ్ళు కురూపులై తీరాలనీ లేదు. కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గ తియ్యి. పార్వతి చక్కనిదే. కళ్ళెదుట మన్మథుడు బూడిదయ్యాక తన రూపాన్ని తనే తిట్టుకుని తపస్సుకు పోయింది. రాలిన ఆకు కూడా ముట్టక అపర్ణ అయింది. అక్కడ వెక్కిరింపు పడేది వరుడి రూపానికి: కళ్ళు వికారం, పుట్టుక తెలియదు, ఒంటిమీద బట్టైనా లేదు. ఆ మాటలంటున్న బ్రహ్మచారి శివుడేనని తెలియక, కోపంతో పెదవి అదురుతుండగా జవాబు చెబుతుందా పిల్ల. ఆ పెదవి ముందు నీ మొగుడి ఉపన్యాసం ఏపాటి?

ఇలాంటి ముగింపులు వారపత్రికలు అంటించిన జబ్బు. నా తొలిరోజుల్లో ఒక సంపాదకుడు, నా కథలో మామ్మ అర్ధరాత్రి లేచి పనిమనిషి బిడ్డకి పాలు కాచే ఘట్టం తీసేసి, ‘చివర ఒక సుభాషితం తగిలించండి, నిండుగా ఉంటుంది’ అని కార్డు రాశాడు. కుదరదన్నాను. కథ తిరిగొచ్చింది. ఆ నెల అద్దె మా ఆవిడ గాజుల తాకట్టుతో గడిచింది. చేతికి అందం కంకణం కాదన్న మాట ఆవిడ దగ్గర ఇప్పటికీ ఎత్తను.

నీ కథలో ఒక్కచోట ప్రాణముంది. బస్టాండులో ఎవరి పిల్లాడిదో హవాయి చెప్పు తెగితే, నాయిక తన పైట పిన్నీసు తీసి దానికి గుచ్చి, ఊరు చేరేదాకా పైట చేత్తో పట్టుకు కూర్చుంటుంది. రెండు వాక్యాల్లో దాటేశావు! రబ్బరులో దిగక పిన్నీసు వంగడం, వాడు ఏడుపాపి కాలు చూసుకోవడం రాయి. శ్లోకం కొట్టెయ్యి. తోడికోడలికీ ఒక మంచి పని అప్పజెప్పు.

పోటీ సంగతీ, కలంపేరు సంగతీ మరోసారి. తిరగరాసింది ఫోనులో పంపకు, ఆ అక్షరాలు నాకానవు. కాగితం మీద, ఒకవైపే రాయి.