ఇంటెల్ బోర్డే కదా, మరి బొమ్మ ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: అన్నా, తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మాకు చిన్న లాడ్జి ఉంది. రిసెప్షన్‌లో రూముల లెక్క రాసుకోవడానికీ, గోడ మీది టీవీలో ఎస్వీబీసీ పెట్టడానికీ రాత్రీ పగలూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ కావాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లాగాలి కదా అని ఫ్యాన్ లేని ఆటమ్ డి2550 బోర్డు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని లైనక్స్ మింట్ వేశాను. స్క్రీన్ 1024×768 దాటి పోవడం లేదు. తెల్లవారుజామున సుప్రభాతం పెడితే పాట ముందు పోతుంది, బొమ్మ వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. దీని డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ఆ డ్రైవర్ కోసం వెతకడం ఆపేయ్. నేను ఇలాంటి బోర్డే కొని రెండు ఆదివారాలు వెతికాను, అమ్మినాయన "ఇంటెల్ సార్, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు, నేను నిజంగానే కళ్లు మూసుకున్నాను.

లైనక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌తో గొడవ ఉండదనే మాట చాలావరకు నిజమే. కానీ నీ డి2550లో ఉన్న గ్రాఫిక్స్, జీఎంఏ 3650, ఇంటెల్ సొంత తయారీ కాదు, ఇమాజినేషన్ టెక్నాలజీస్ వాళ్ల పవర్‌వీఆర్ ఎస్‌జీఎక్స్545. దానికి కెర్నల్‌లో (అంటే లైనక్స్ గుండెకాయలో) జీఎంఏ500 అనే డ్రైవర్ ఉంది గానీ అది తెర మీద బొమ్మ చూపించడం వరకే, త్రీడీ లేదు, కుదించి వచ్చే వీడియోని విప్పి బొమ్మలు చేయడమూ లేదు. ఆ చాకిరీ అంతా 1.86 గిగాహెర్ట్జ్ కోర్లు రెండింటి నెత్తిన పడుతుంది. విండోస్‌లో కూడా దీనికి 32 బిట్ విండోస్ 7 డ్రైవర్‌తోనే సరిపెట్టారు, ఇక మన సంగతి చెప్పేదేముంది.

స్క్రీన్ సైజుకి మాత్రం మందు ఉంది. ఈ బోర్డుకి ల్యాప్‌టాప్ తెర తగిలించి ఉందని కెర్నల్ పొరబడుతుంది, లేని ఆ తెర సైజునే టీవీకీ అంటగడుతుంది. గ్రబ్‌లో (ఆన్ చేయగానే లైనక్స్‌ని లేపే ప్రోగ్రామ్ అది) కెర్నల్ లైన్ చివర "వీడియో=ఎల్‌వీడీఎస్-1:డి" అని చేర్చు (ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, ఎల్‌వీడీఎస్ ఒక్కటే పెద్ద అక్షరాలు). బరువైన సినమన్ డెస్క్‌టాప్ తీసేసి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకో. రూముల లెక్కకి ఆ బోర్డు చాలు, ఎస్వీబీసీకి మాత్రం చాలదు.

మళ్లీ కొంటే వాట్లు తర్వాత చూడు, ముందు లోపలి గ్రాఫిక్స్ ఎవరిదో కనుక్కో. తమాషా ఏంటంటే, దీనికంటే పాత ఆటమ్ డి525లో ఉన్నది ఇంటెల్ సొంత జీఎంఏ 3150, 13 వాట్లు, డెస్క్‌టాప్ వరకు లక్షణంగా నడుస్తుంది, హెచ్‌డీ వీడియో మాత్రం దాని వల్ల కాదు. 2013 చివర్లో వచ్చిన సెలెరాన్ జే1900 పది వాట్లే, గ్రాఫిక్స్ ఇంటెల్‌దే, కానీ పాత కెర్నళ్లలో ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. ప్రాసెసర్ గాఢనిద్రలోకి పోకుండా కెర్నల్ లైన్‌లో ఇంటెల్_ఐడిల్.మ్యాక్స్_సీస్టేట్ విలువ 1 పెట్టుకుని నెట్టుకొచ్చేవాళ్లం, దాంతో మిగలాల్సిన కరెంటు కాస్తా ఖర్చయ్యేది. పైగా అది హెచ్.264 లాంటి పాత రకం వీడియోలనే చిప్‌లో విప్పుతుంది, యూట్యూబ్ పంపే వీపీ9 రకం మళ్లీ కోర్ల మీదే పడుతుంది. అందుకే నీ పనికి సెలెరాన్ జే4105 గానీ (అదీ పది వాట్లే, వీపీ9 విప్పుతుంది), డబ్బు ఉంటే ఇంటెల్ ఎన్100 గానీ తీసుకోమంటాను. ఆ వాట్లు చిప్‌వి మాత్రమే సుమా, ర్యామ్, డిస్క్, అడాప్టర్ తినేది వేరే. బ్యాటరీ లెక్క వేసేటప్పుడు ఇది మర్చిపోతారు.

ఈసారి షాపుకి మింట్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పో. అక్కడే లైవ్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే) బూట్ చేసి, టెర్మినల్‌లో ఐఎన్ఎక్స్ఐ, ఒక ఖాళీ, చిన్న గీత, పెద్ద జీ కొట్టు. డ్రైవర్ దగ్గర ఐ915 (ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ డ్రైవర్ అది) అని వస్తే సరే. రెండరర్ దగ్గర ఎల్ఎల్‌వీఎంపైప్ అని కనిపిస్తే గ్రాఫిక్స్ పనిచేయడం లేదు, ప్రాసెసరే బొమ్మలు గీస్తోందని అర్థం. డబ్బు ఇవ్వక ముందే చెయ్యి, ఇచ్చాక ఎవరూ వినరు సామీ.

ప్రశ్న: కొత్త ఎన్100 బోర్డు కొన్నాను. ఉబుంటు 22.04 వేస్తుంటే తెర నల్లగా అయిపోయింది, కెర్నల్ లైన్‌లో నోమోడ్‌సెట్ (గ్రాఫిక్స్ డ్రైవర్‌ని ఆపే మాట) పెడితే వచ్చింది కానీ అన్నీ జీడిపాకంలా సాగుతున్నాయి. బోర్డు వాపస్ ఇచ్చేయాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వద్దమ్మా, బోర్డు బంగారం. మీ పెన్‌డ్రైవ్ పాతది. 22.04 మొదట వచ్చింది 2022 ఏప్రిల్‌లో, 5.15 కెర్నల్‌తో, ఎన్100 వచ్చింది 2023 జనవరిలో. పుట్టని బిడ్డని అదెలా గుర్తుపడుతుంది? 6.8 కెర్నల్‌తో వచ్చిన 24.04 దించుకుని వేయండి. నోమోడ్‌సెట్ తీసేయడం మర్చిపోకండి, అది ఉన్నంతసేపు ఐ915 లోడ్ కాదు.