రోజూ చెక్క పని చేసేవాళ్లకి ఏ డ్రిల్ బిట్లు ఎక్కువకాలం వస్తాయి?

మీరు మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేస్తానన్నారు, మధ్యమధ్యలో టేకు తలుపులు, మంచాలు కూడా. సెట్టు కొన్న నెలకే బిట్లు మొద్దుబారుతున్నాయి, షాపతను కోబాల్ట్ తీసుకోమంటున్నాడు, తోటి మేస్త్రీ గోల్డ్ కలర్‌వి తీసుకోమంటున్నాడు, ఏది మంచిదని అడిగారు. నేనూ ఇదే పనిలో ఉన్నాను బ్రదర్, నన్నడిగితే ఆ రెండూ వద్దు, అసలు సెట్టే వద్దు.

ఎం35 అనే కోబాల్ట్ బిట్టులో 5 శాతం కోబాల్ట్ ఉంటుంది, అది స్టెయిన్‌లెస్ స్టీలుకి బెజ్జాలు వేసేవాళ్ల సరుకు. అక్కడ పుట్టే వేడికి పదును పోకుండా ఉండడానికి ఆ కోబాల్ట్ కలుపుతారు. చెక్కలో అంత వేడి పుట్టదు, పుడుతోందంటే మీ బిట్టు అప్పటికే మొద్దయిపోయిందని. పైగా ఆ స్టీలు కాస్త పెళుసు, బాక్సులో తల దూర్చి చార్జింగ్ మిషన్‌ని వంకరగా పట్టుకుని వేసేటప్పుడు 3 ఎంఎం కోబాల్ట్ బిట్టు టక్కున విరుగుతుంది. ఇక గోల్డ్ కలర్ అంటారా, నిజమైన టైటానియం నైట్రైడ్ పూత మంచిదే, కాదనను, కానీ అది మైక్రాన్ల మందంలో ఉండే పొర, ఒకసారి సాన పడితే ముక్కు దగ్గర పోతుంది. తక్కువ ధర సెట్లలో అయితే చాలాసార్లు కింద ఉన్నది మామూలు కార్బన్ స్టీలు, పైన రంగొక్కటే బంగారం.

ఇది కనిపెట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పాత బిట్టు వెనక భాగాన్ని గ్రైండర్ చక్రానికి ఒక్కసారి తాకించి చూడండి. తెల్లగా, పసుప్పచ్చగా నిప్పురవ్వలు చిటపటమని చీలితే కార్బన్ స్టీలు. మసక ఎరుపులో, చీలకుండా సన్నటి గీతల్లా రాలితే హెచ్ఎస్ఎస్, అంటే హై స్పీడ్ స్టీలు. కార్బన్ స్టీలు 200 డిగ్రీలు దాటి వేడెక్కిందంటే మెత్తబడడం మొదలవుతుంది, ముక్కు నీలం రంగుకి తిరిగిందంటే ఇక దాని పని అయిపోయినట్టే, ఎంత సాన పట్టినా పూటకి మించి నిలవదు. హెచ్ఎస్ఎస్ దాదాపు 600 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటుంది.

అసలు సంగతి ఏంటంటే, ప్లైలో బిట్టుని తినేది చెక్క కాదు, జిగురు. 710 గ్రేడు వాటర్‌ప్రూఫ్ ప్లైలో పొరపొరకీ మధ్య ఫినాలిక్ జిగురు ఎండి రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది, దాని మీద సన్‌మైకా ఒకటి. చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అయితే ఇంకా ఘోరం. మీ కిచెన్ పనిలో ఎక్కువ అరిగేది కచ్చితంగా ఆటో హింజుల 35 ఎంఎం బిట్టే అయి ఉంటుంది. దాన్ని మాత్రం కార్బైడ్ (స్టీలు కన్నా చాలా గట్టి పదార్థం) ముక్కలు అతికించిన టీసీటీదే కొనండి, అందులోనూ మంచిదే కొనండి, ఇక్కడ పీనాసితనం పనికిరాదు. కొనేటప్పుడు కార్బైడ్ ముక్క స్టీలుకి అతికిన చోట వెలుతురులో పెట్టి చూడండి, అతుకు గీత తెగకుండా సమంగా సాగాలి, మధ్యలో సందు కనిపిస్తే ఆ ముక్క ఎగిరిపోతుంది. నడిమి ముల్లు పొడవు కూడా చూసుకోవాలి. 18 ఎంఎం డోరులో హింజు కప్పు కూర్చోవడానికి 12, 13 ఎంఎం లోతుకి వెళ్తారు, నాసిరకం బిట్లకి ముల్లు పొడుగ్గా ఉండి అవతలి సన్‌మైకా మీద మొటిమలా తేలుతుంది, ఆ డోరు పోయినట్టే, కస్టమర్‌కి ఏం చెప్పినా వినడు.

2.5, 3, 4, 5 ఎంఎం చిన్న సైజులు మాత్రం హెచ్ఎస్ఎస్ ట్విస్ట్ బిట్లే చాలు, ఇవి అరిగేకన్నా ముందు విరగడమో, పోవడమో ఎక్కువ. అడిసన్, మిరాండా, టోటెం లాంటి మన దేశంలో దొరికే పేర్లలో ఏదైనా సరే, మీరు ఎక్కువ వాడే సైజు విడిగా పదేసి తీసుకోండి. సెట్టులో పదమూడు బిట్లుంటే పని చేసేవి నాలుగే, మిగతావి డబ్బాలో తుప్పు పట్టడానికి.

టేకు దగ్గరికొస్తే కథ వేరు. టేకు కోతకి మెత్తగానే ఉంటుంది గానీ దానిలో సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, అందుకే ఉలి అయినా రంపం అయినా దాని మీద త్వరగా పదును పోతుంది. తలుపు రెక్కకి, డోవెల్ (చెక్క మేకు) బెజ్జాలకి మూడు మొనల బ్రాడ్ పాయింట్ బిట్లు పెట్టండి, నడిమి మొన కదలనివ్వదు, పక్క మొనలు అంచుని ముందే కోస్తాయి కాబట్టి పీచు లేవదు. మంచం బోల్టులకి, ద్వారబంధానికి లోతైన బెజ్జం కావాలంటే ఆగర్ బిట్టు, ముందున్న మర దానంతట అదే లోపలికి లాక్కుంటుంది, మీరు ఒత్తక్కర్లేదు, స్పీడు తగ్గించి మిషన్ గట్టిగా పట్టుకుంటే చాలు, లేదంటే మణికట్టు తిప్పేస్తుంది. పాత ఇంటి దూలాల కర్రలో మాత్రం ఆగర్ దించకండి, లోపల మేకు తగిలితే ఖరీదైన బిట్టు నాశనం. దానికి చవక ఫ్లాట్ బిట్టు చాలు, అరిగితే ఆకురాయితో అక్కడే సరిచేసుకోవచ్చు.

ఆగర్‌నీ సన్న ఆకురాయితోనే దిద్దుకోవచ్చు, కానీ పక్కనుండే కోత మొనని లోపలి వైపు నుంచే రుద్దాలి. బయటి వైపు రుద్దితే బెజ్జం సైజు తగ్గి, వెనకున్న ఒళ్లు దానిలో బిగుసుకుని పొగ వస్తుంది. కార్బైడ్‌కి మాత్రం మామూలు సాన రాయి పనిచేయదు, డైమండ్ చక్రం ఉన్నవాళ్లకే ఇవ్వండి.

పని చేస్తున్నప్పుడు బయటికొచ్చే పొట్టు మీద కన్నేయండి. పదునున్న బిట్టుకి టేకు పెచ్చులుగా, చిన్న చుట్టలుగా వస్తుంది. గోధుమరంగు మెత్తటి పిండిలా రాలుతూ మాడు వాసన వస్తుంటే ఇంకాస్త ఒత్తి పూర్తి చేద్దాం అనుకోవద్దు, ఆపి బిట్టు మార్చండి. కుర్రాళ్లు ఒత్తేది ఇక్కడే, సగం బిట్లు ఇలాగే పోతాయి. లోతు బెజ్జమైతే రెండు మూడుసార్లు బయటికి తీసి పొట్టు దులపాలి. మిషన్ హ్యామర్ మోడ్‌లో లేదు కదా అని కూడా ఒకసారి చూడండి, గోడ పని నుంచి వచ్చి అలాగే చెక్కకి పెట్టేవాళ్లని చాలామందిని చూశాను, ఆ దెబ్బలకి కార్బైడ్ అంచు చిట్లుతుంది.

హైదరాబాద్ వైపు ఉంటే రాణీగంజ్‌లో విడి బిట్లు అడగండి, ఇస్తారు. డబ్బా మీద కాకుండా బిట్టు ఒంటి మీద హెచ్ఎస్ఎస్ అని కొట్టి ఉందో లేదో చూసి, కౌంటర్ అద్దం మీద ఒకసారి దొర్లించండి, వంకరుంటే కుంటుతూ దొర్లుతుంది. ఒకేసారి చాలా బెజ్జాలు వేసే మల్టీ బోరింగ్ మిషన్ బిట్లు అమ్మే షాపులో 35 తీసుకుంటే కుడి తిరుగుడుదే అని గట్టిగా చెప్పండి, ఎడమవి కూడా ఉంటాయి, మామూలుగా అవి ఎరుపు రంగులో ఉంటాయి, మీ డ్రిల్లులో కోయవు.

మీ మిషన్ చక్ (బిట్టుని పట్టుకునే మూతి) 10 ఎంఎందా, 13దా? మంచం బోల్టులు ఏ సైజు వాడతారో కూడా రాస్తే ఆగర్ ఎంతది తీసుకోవాలో చెబుతాను.