పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350కి ఏ చక్రాలు సరిపోతాయి?

మీది 2013 బండి, స్పోక్ రిమ్ములు తుప్పు పట్టాయి, లాంగ్ రైడ్లకు ట్యూబ్‌లెస్ కావాలి అన్నారు కదా. రిమ్ము సైజు ఒక్కటే చూసి కొనకండి. ముందు 19, వెనక 18 అంగుళాలు దొరకడం కష్టమేమీ కాదు. అసలు చిక్కంతా హబ్బు (ఇరుసు దూరే చక్రం మధ్యభాగం) దగ్గరే.

2018లో వచ్చిన థండర్‌బర్డ్ ఎక్స్ అల్లాయ్ చక్రాలు సైజులో మీ బండికి సరిగ్గా సరిపోతాయి. నేనైతే ముందు వాటికోసమే వెతుకుతాను. మీకు వెనక కూడా డిస్కే ఉంది కాబట్టి సగం టెన్షన్ తీరినట్టే. 2012కి ముందు బళ్లకు వెనక డ్రమ్ము బ్రేకు, వాటికి ఈ చక్రం నేరుగా ఎక్కదు.

కొనేముందు ఇరుసు మందం కొలవండి. బేరింగ్ మీద నంబరు కూడా చూడండి: 6203 అయితే లోపలి రంధ్రం 17 మి.మీ., 6204 అయితే 20. చివరి రెండంకెలు 04 లేదా అంతకు ఎక్కువైతే వాటిని ఐదుతో గుణిస్తే చాలు; 03కి మాత్రం ఈ లెక్క పనిచేయదు. ఆ తర్వాత స్పేసర్లు (చక్రం పక్కలకు జరగకుండా ఇరుసు మీద వేసే గొట్టాలు), డిస్కు బిగించే రంధ్రాలు, వెనక స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) ముందుదానితో ఒకే వరసలో ఉందా అన్నదీ చూడండి. చెయిన్ రెండు మూడు మి.మీ. పక్కకు జరిగినా పళ్లు త్వరగా అరిగిపోతాయి.

సెకండ్‌హ్యాండ్ అల్లాయ్ అయితే తిప్పి చూడండి. పగులుకు వెల్డింగ్ పెట్టినది ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. హబ్బులు బాగుంటే, అన్నే స్పోకు రంధ్రాలున్న కొత్త రిమ్ములు వేయించుకోవడం చవక, కానీ ట్యూబు తప్పదు.