పల్లవి దాటిన తరువాత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఒకే చిత్రంలోని రెండు పాటలు అందరి నోటా నిలిచిపోతే, వాటికి ఏమాత్రం తీసిపోని మూడో పాట ఎందుకు మరుగున పడుతుంది? లోపం శ్రోతల అభిరుచిలో ఉందంటారా?

జవాబు: శ్రోతల అభిరుచిని తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు. పాట మన చెవిని చేరే దారిలోనే చాలావరకు తప్పిపోతుంది. 78 ఆర్.పి.ఎం. (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోను రికార్డుల కాలాన్నే తీసుకోండి. పది అంగుళాల రికార్డుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. తెరమీద తీరికగా సాగిన పాట రికార్డుకెక్కేటప్పుడు ఒక చరణాన్నో, పల్లవికి ముందు తాళం లేకుండా పాడే సాకీనో, వాద్యసంగీతంలో కొంత భాగాన్నో వదులుకోవలసి వచ్చేది. లేదా రెండు వైపులకూ విడిపోయేది. అప్పుడు రికార్డు తిప్పి వేసే ఓపిక ఉన్నవారికే ఉత్తరార్ధం దక్కేది. పదేపదే వినిపించింది రికార్డే కనుక, జనం మనసులో నిలిచిందీ ఆ కుదించిన రూపమే. ఇందుకు భిన్నంగా, రికార్డుగా వెలువడినా నిడివి తగ్గించే క్రమంలో సినిమాలోంచి తొలగించిన పాటలూ ఉన్నాయి. వాటిని గుర్తుచేయడానికి ఒక దృశ్యం కూడా మిగలలేదు.

కథలో పాటకు దొరికిన చోటు మరో కారణం. పతాక సన్నివేశానికి కాస్త ముందు వచ్చే విషాదగీతాన్ని ప్రేక్షకుడు కథ ఏమవుతుందోనన్న ఆత్రుతతో వింటాడే తప్ప పాటగా వినడు. ఇక చిత్రమే పరాజయం పాలైతే, అందులోని మంచీ చెడ్డా కలిసే మూలపడతాయి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించేది రెండో చరణానికి పట్టే గతి. ఎన్నో పాటల్లో రెండు చరణాల వరుసా ఒకటే అయినా, వాటికి ముందు వచ్చే ఇంటర్‌లూడ్లు, అంటే గానం ఆగినప్పుడు వినిపించే వాద్యసంగీత ఖండాలు, మాత్రం వేరుగా ఉంటాయి. మొదటి చరణానికి ముందు వేణువు పల్లవి ధోరణిలోనే నడిస్తే, రెండో చరణానికి ముందు వయొలిన్లు పాటను మరో ఛాయలోకి తీసుకువెళ్లి, ఎటు పోతున్నామో తెలియని స్థితి కల్పించి, గాయని అందుకోవలసిన స్వరం దగ్గర సరిగ్గా దించుతాయి. సాహిత్యానికి గానీ గొంతుకు గానీ కట్టుబడకుండా సంగీత దర్శకుడు స్వేచ్ఛగా ఊహించుకోగలిగిన చోటు అదే. పల్లవీ ఒక చరణమూ పాడి ముగించే అలవాటు వల్ల ముందుగా మనం పోగొట్టుకునేది కూడా దాన్నే.

ప్రశ్న: నేపథ్య సంగీతాన్ని పాటను విన్నంత శ్రద్ధగా వినడం సాధ్యమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తప్పకుండా సాధ్యమే. సింగీతం శ్రీనివాసరావు గారి దర్శకత్వంలో 1987లో వచ్చిన 'పుష్పక విమానం'తో మొదలుపెట్టండి. సంభాషణలే లేని ఆ చిత్రానికి ఎల్. వైద్యనాథన్ సంగీతం సమకూర్చారు. మాటలు అడ్డురావు కనుక ఎక్కడ వాద్యం మొదలైందో, ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలుస్తుంది. పక్కనున్న సినిమా హాలులోంచి వచ్చే పోరాటాల చప్పుడుకు అలవాటుపడిన కథానాయకుడికి విలాసవంతమైన హోటలు గదిలోని నిశ్శబ్దంలో నిద్రపట్టదు. చివరికి ఆ చప్పుడునే టేపులో రికార్డు చేసి తెచ్చుకుని, అది వింటూ నిద్రపోతాడు. శబ్దమే కథ చెప్పగలదనడానికి ఇంతకన్నా చక్కని ఘట్టాన్ని చూపలేను.

తరువాత ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వంలో 1960లో వచ్చిన ఇంగ్లీషు చిత్రం 'సైకో' చూడండి. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఆ చిత్రమంతటికీ తంత్రీవాద్యాలను మాత్రమే వాడారు. పేరుపొందిన స్నానాల గది హత్యా సన్నివేశానికి సంగీతం అక్కరలేదనే హిచ్‌కాక్ మొదట భావించారు. హెర్మన్ కూర్చినది విన్న తరువాత మనసు మార్చుకున్నారు. మీరు ఆ ఘట్టాన్ని ఒకసారి శబ్దం పూర్తిగా తగ్గించి, మరోసారి కళ్లు మూసుకుని గమనించండి. భయం ఎక్కువగా ఎటునుంచి వస్తోందో మీకే తెలుస్తుంది.

ఈ కళను విడిగా గుర్తించడం కూడా సమంజసమే. 2009 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో పాటలకూ నేపథ్య సంగీతానికీ వేర్వేరుగా బహుమతులు ప్రకటించి, మలయాళ చిత్రం 'పళశ్శిరాజా' నేపథ్య సంగీతానికి ఇళయరాజాను ఎంపిక చేశారు.

ప్రశ్న: 'మాయాబజార్' పాటలు ఘంటసాల గారివా, సాలూరి రాజేశ్వరరావు గారివా? మా ఇంట్లో ఈ వాదం తెగడం లేదు.

జవాబు: ఇద్దరివీ. 1957లో విడుదలైన ఆ చిత్రానికి మొదట రాజేశ్వరరావు గారు నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకోగా, వాటికి వాద్యసమ్మేళనం కూర్చి రికార్డు చేయించడమే కాక, మిగిలిన సంగీతాన్నంతా ఘంటసాల గారు సమకూర్చారు. వరుస కట్టడం, వాద్యాలు కూర్చడం రెండు వేర్వేరు పనులు. మొదటిదానికి దక్కే కీర్తిలో సగమైనా రెండోదానికి దక్కడం లేదన్నది నా ఫిర్యాదు. పాట వింటూ కళ్లు చెమర్చేవారిలో ఆ వీణ ఎవరు పలికించారని అడిగేవారు అరుదు.

ప్రశ్న: పాత పాటలకు కొత్త తాళవాద్యాలు జోడించి విడుదల చేసిన రూపాలు వినవచ్చా?

జవాబు: వినండి, కానీ వాటితో మొదలుపెట్టకండి. ధ్వనులన్నీ ఒకే ఛానెల్‌లో నమోదైన పాత మోనో రికార్డింగులో గాయకుడు ఊపిరి పీల్చుకునే విరామం, తబలా ఆగిన చోట మిగిలే ఖాళీ కూడా కూర్పులో భాగమే. జోడించిన దరువు ముందుగా కప్పేసేది ఆ ఖాళీలనే. మొదటి రూపాన్ని బాగా విన్న తరువాత కొత్తదాన్ని వింటే, ఏం చేర్చారో, ఏం పోయిందో మీరే చెప్పగలరు.